చేతిపనిలో శివదర్శనము

దైవమును ఎచ్చట వెదకవలెను? ఈ ప్రశ్న మన దేశమున ఎంత ప్రాచీనమైనదో, దానికి వచ్చిన సమాధానములును అంత ప్రాచీనములు. అడవులకేగి తపస్సులో వెదకినవారు కలరు. యజ్ఞవాటికలలో వెదకినవారు కలరు. తీర్థములు సేవించి, గోపురములు నిర్మించి వెదకినవారును కలరు. కాని తెల్లవారగనే మగ్గము చేరవలసిన సాలెవానికి, రేవున పడవ విప్పవలసినవానికి, వడ్లు దంచి ఇంటిల్లిపాదికిని వండిపెట్టవలసిన ఇల్లాలికి ఈ మార్గములలో ఏది అందుబాటున నున్నది? తపస్సు చేయుటకు తీరిక లేదు. యజ్ఞము చేయుటకు అధికారము లేదు. ఆలయము కట్టించుటకు ధనము లేదు. అట్టివారికి దైవము ఎప్పటికిని దూరమేనా?

12వ శతాబ్దిలో కల్యాణ నగరమునందు ఈ ప్రశ్నను చేపట్టి, దానికి సమాధానమును శాస్త్రచర్చలతో గాక తమ బ్రతుకులతో చూపిన ఒక సమాజము ఉండెను. వారిని శరణులందురు. వారు కన్నడము మాటలాడినవారు. ఐనను వారి చరిత్ర మనకు పరాయిది కాదు. వారి కథలను పురాణముగా కూర్చిన తొలి కవి మన పాల్కురికి సోమనాథుడు. వారిలో కొందరు తుదకు చేరుకొన్న కొండ మన శ్రీశైలము. నిత్యజీవితమునందే, అందులోను చేతిపనియందే, దైవసాన్నిధ్యమును పొందవచ్చునని వారు ఎట్లు నమ్మిరో, ఆ నమ్మకమునకు ఎంత మూల్యము చెల్లించిరో ఇచ్చట స్థూలముగా తెలుపదలచితిమి.

కల్యాణము నేడు కర్ణాటక రాష్ట్రమున బీదరు జిల్లాలో బసవకల్యాణమను పేరుతో ఉన్నది. 1956 వరకు ఆ జిల్లా హైదరాబాదు రాష్ట్రములోని భాగమే. 11వ శతాబ్దిలో చాళుక్యరాజు మొదటి సోమేశ్వరుడు తన రాజధానిని మాన్యఖేటమునుండి ఇచ్చటికి మార్చెను. ఆరవ విక్రమాదిత్యుని కాలమున, అనగా 1076 మొదలు 1126 వరకు, ఈ నగరపు కీర్తి దేశమంతటను వ్యాపించెను. కాశ్మీరమునుండి వచ్చిన బిల్హణ మహాకవి ఆ ప్రభువు చరిత్రను కావ్యముగా రచించెను. విజ్ఞానేశ్వరుడు మితాక్షరయను ధర్మశాస్త్ర వ్యాఖ్యానమును ఆయన ఆశ్రయముననే వ్రాసెను. శాస్త్రమునకును, సంపదకును, రాజదర్పమునకును ఆ నగరము నిలయమై యుండెను. విక్రమాదిత్యుని అనంతరము చాళుక్యుల బలము క్రమముగా సన్నగిల్లగా, వారి సామంతుడైన కలచురి బిజ్జలుడు 12వ శతాబ్ది మధ్యభాగమున అధికారమును చేజిక్కించుకొనెను. ఆ బిజ్జలుని కోశమును కాచిన భండారియే బసవేశ్వరుడు.

బసవేశ్వరుడు బాగేవాడిలో బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. ఉపనయనమును నిరాకరించి, ఇల్లు విడిచి, కృష్ణా మలప్రభా నదులు కలియు కూడలసంగమమును చేరి, అచ్చట కొన్నేండ్లు అధ్యయనమునను ధ్యానమునను గడపెనని సంప్రదాయము. ఆ కృష్ణయే తరువాత మన శ్రీశైలము చెంతగా ప్రవహించి, విజయవాడ ముంగిట సాగి, సముద్రమును చేరుచున్నది. ఆయన ఆ సంగమముననే ఉండిపోయిన పక్షమున చరిత్రలో మరియొక తపస్వి చేరియుండెడివాడు. కాని ఆయన తిరిగి లోకమునకు వచ్చెను. మంగళవాడలో బిజ్జలుని కొలువున లెక్కలు వ్రాయు ఉద్యోగమున ప్రవేశించి, కాలక్రమమున కల్యాణమున భండారియై, మంత్రియై, గృహస్థుగనే జీవించెను. ఈ విషయమును మనము శ్రద్ధతో గమనింపవలెను. ఒక మహా భక్త్యుద్యమమునకు నాయకుడైనవాడు పగలెల్ల కోశాగారమున జమాఖర్చులు చూచుకొను ఉద్యోగి.

ఆయన పరధనమును ముట్టని నిష్ఠ గూర్చి సోమనాథుడు ఒక కథ చెప్పెను. బసవడు రాజధనమును జంగములకు పంచిపెట్టుచున్నాడని గిట్టనివారు బిజ్జలునితో చెప్పిరి. రాజు కోపించి లెక్క అడిగెను. పెట్టెలు తెరిచి ఎంచి చూడగా ధనము ఏమాత్రమును తరుగలేదు. కథలోని మహిమను భక్తులు మహిమగనే గ్రహింతురు. చరిత్రను చదువువారికి అందులో మరియొక అర్థమును కనిపించును. దైవము పేర చేసినంత మాత్రమున ఇతరుల సొమ్ము మన సొమ్ము కాదనియు, భక్తుని చిట్టా అందరిలోను నిర్మలముగా నుండవలెననియు ఆ సమాజము భావించెను. అయిదు శతాబ్దుల తరువాత మన కంచెర్ల గోపన్న పాల్వంచ తహసీలుదారుగా నుండి, పన్నుల ధనముతో భద్రాచల రాముని కోవెల కట్టించి, గోలకొండ చెరసాలలో పడియుండెను గదా. ఉద్యోగికి దైవభక్తి కలిగినపుడు పుట్టు ఈ చిక్కు నాటిదియు నేటిదియు గూడ.

శరణుల ఆరాధనాపద్ధతి మూలమున ఇష్టలింగము కలదు. ఆలయములోని లింగము కదలదు. దాని కడకు పోవుటకు వేళ కలదు, అధికారము కలదు, నడుమ పూజారి కలడు. ఇష్టలింగమట్లు కాదు. గురువు దానిని శిష్యుని చేతికిచ్చును. శిష్యుడు దానిని మెడలో ధరించును. ఉదయమున ఎడమచేతి అరచేతియందుంచుకొని, విభూతి పత్రులతో అర్చించి, చూపును దానియందే నిలిపి ధ్యానించును. అటుపిమ్మట అది ఆతనితో పొలమునకు వచ్చును, మగ్గము కడకు వచ్చును, బట్టలుదుకు రేవునకు వచ్చును. స్త్రీలకును పురుషులకును ధారణ సమానము. ప్రసవము, ఋతువు, మరణము, జాతి, ఎంగిలి అను ఐదు సూతకములు లింగధారికి అంటవని వారు చాటిరి. ఇంటిలో పెక్కుదినములు దైవమునకు దూరముగా నుంచబడిన ఇల్లాలికి ఈ ఒక్క మాట ఎంత విడుదలయో మనము ఊహింపవచ్చును.

దైవము పనివాని వెంట వచ్చినపుడు పని దైవమునకు అడ్డు కాజాలదు. ఈ తలపునుండియే కాయకమను సిద్ధాంతము వెలువడెను. కాయమనగా శరీరము, శరీరము నలిగి చేయు పని కాయకము. అయితే పని చేసినంత మాత్రమున అది కాయకము కాదు. దానికి కొన్ని నియమములు కలవు. మొదటిది, అది సత్యముగను శుద్ధముగను ఉండవలెను. మోసముతో గడించినది శివునకు పనికిరాదు. రెండవది, పనులలో ఎక్కువ తక్కువలు లేవు. తోలు కుట్టుటయు తాళపత్రము చదువుటయు ఒక్కటే. మూడవది, ప్రతిఫలము ఆ దినమునకు చాలినంతయే గాని కూడబెట్టుటకు కాదు. నాల్గవది, వచ్చినదానిలో గురులింగజంగములకు భాగము పెట్టవలెను. ఈ పంచిపెట్టుటకే దాసోహమని పేరు. కాయకము దాసోహము అను రెండు చక్రములపై వారి జీవితరథము నడచెను. గురువు గాని, జంగముడు గాని కాయకమునుండి తప్పించుకొనరాదనుట వారి నియమములలో మరింత కఠినమైనది.

ఈ సమాజములో చేరినవారి వృత్తులను ఒకసారి వరుసగా చూతము. మడివాళ మాచయ్య చాకలి. అంబిగర చౌడయ్య పడవ నడపువాడు. మేదర కేతయ్య బుట్టలల్లువాడు. డోహర కక్కయ్య తోళ్లు పదును చేయువాడు. హరళయ్య చెప్పులు కుట్టువాడు. హడపద అప్పణ్ణ తాంబూలపు సంచి మోయువాడు. తురుగాహి రామణ్ణ పసులకాపరి. కదిరె రెమ్మవ్వ రాట్నము వడుకునది. వీరికంటె ముందుగనే జేడర దాసిమయ్య మగ్గము నేయుచు శివుని కీర్తించెను. వీరందరును తమ అనుభవములను వచనములుగా చెప్పిరి. వచనము ఛందస్సునకు కట్టుబడని, సామాన్యుల మాటలలో వెలువడిన రచన. నేడు మనకు లభించుచున్న వచనములు ఇరువది వేలకు పైబడియున్నవి. వానిని చెప్పినవారు రెండువందలకు పైగా ఉన్నారు. వారిలో ముప్పదిమందికి పైగా స్త్రీలు. ప్రతి వచనము తుదను తమ ఇష్టదైవపు పేరు ముద్రగా నుంచుట వారి ఆచారము. అంబిగర చౌడయ్య మాత్రము తన పేరునే ముద్రగా నుంచుకొనెను. పడవవాని పేరే దేవుని పేరు నిలువదగిన చోట నిలిచెను.

ఈ శరణులు కూడి చర్చించు సభకు అనుభవమంటపమని పేరు. అల్లమప్రభువు అందు అధ్యక్షుడు. ఆ సంభాషణలను 15వ శతాబ్దిలో శూన్యసంపాదనె యను కన్నడ గ్రంథముగా కూర్చిరి. అందు తత్త్వచర్చలు పెక్కు కలవు. కాని సామాన్య గృహస్థుల హృదయమునకు తగులునవి కొన్ని ఇంటికథలు. వానిలో ముందు చెప్పదగినది ఆయిదక్కి మారయ్య దంపతుల కథ.

మారయ్యయు ఆయన భార్య లక్కమ్మయు రాయచూరు ప్రాంతపు అమరేశ్వరమునుండి కల్యాణమునకు వచ్చిరి. వీధులలోను ముంగిళ్లలోను రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుటయే మారయ్య కాయకము. ఆ గింజలతో వండిన అన్నమును జంగములకు పెట్టి, మిగిలినది తాము తినెడివారు. ఒకనాడు మారయ్య అనుభవమంటపమున తత్త్వచర్చలో మునిగి పని మరచెను. లక్కమ్మ వచ్చి, కాయకము ఆగిపోయినదని జ్ఞాపకము చేసెను. శివుని గూర్చి మాటలాడుచు శివుని పని మరచుట తగదని ఆమె అభిప్రాయము. మారయ్య లేచి వెళ్లెను. బసవని ఇంటి ముంగిట ఆనాడు బియ్యము విస్తారముగా రాలియుండెను. ఆ పేదదంపతులకు సాయపడవలెనని బసవడే కావలసి చల్లించెనని కథ. మారయ్య ఆ బియ్యమునంతయు మూటగట్టి ఇంటికి తెచ్చెను.

లక్కమ్మ మూట చూచి సంతోషింపలేదు. నిత్యము తెచ్చుదానికంటె ఇది ఎక్కువ యేల యని అడిగెను. ఇంత ఆశ రాజుల ఇండ్లకు చెల్లును గాని శివభక్తుల ఇంటికి చెల్లదనియు, మనకు కావలసిన కొలతను ఉంచుకొని మిగిలినది ఎచ్చటినుండి తెచ్చితిరో అచ్చటనే పోసిరండనియు భర్తతో చెప్పెను. మారయ్య ఆ మాట శిరసావహించెను. ఈ కథలో మహిమ ఏమియు లేదు. శివుడు ప్రత్యక్షము కాలేదు. రాళ్లు రత్నములు కాలేదు. ఒక పేదయింటి ఇల్లాలు రేపటికని దాచుకొనదగిన బియ్యమును వలదనెను. అంతియే. కాని అనుభవమంటపపు పెద్దలు ఆమెను గురువువలె గౌరవించిరి. లేమిలో నున్నవారు ఆశపడుట సహజమని లోకము క్షమించును. లక్కమ్మ ఆ క్షమను కూడ కోరలేదు.

నులియ చందయ్య కథ మరియొక విధమైనది. ఆయన చెరువులలో పెరుగు గడ్డిని కోసి, త్రాళ్లు పేని, అమ్మి, ఆ సొమ్ముతో జంగములకు భోజనము పెట్టెడివాడు. ఒకనాడు నీటిలో దిగి గడ్డి కోయుచుండగా మెడలోని ఇష్టలింగము జారి నీట పడెను. చందయ్య దానికై ఆగలేదు. భోజనమునకు జంగములు వేచియుందురు. త్రాళ్లు అమ్ముడు పోవలెను. లింగమే ఆయన వెంటబడి తన్ను తిరిగి ధరింపుమని వేడుకొనెననియు, మాచయ్య నడుమ నిలిచి చెప్పగా, లింగమును తనతోపాటు పని చేయవలెనను నియమముపై చందయ్య దానిని స్వీకరించెననియు కథ. లింగధారణకే ప్రాణమిచ్చు మతమున ఇట్టి కథ పుట్టుట ఆశ్చర్యకరము. పూజకును పనికిని పొత్తు కుదరని క్షణమున ఏది ముందు? ఆకలిగొన్నవానికి అన్నమందించు పనియే ముందని చందయ్య తీర్పు. ఆ తీర్పుపై అల్లమప్రభువు వాదము సాగించెను. గురువును లింగమును విడిచి పనినే పట్టుకొన్న, పనియే మరియొక బంధము కాదా యని ఆయన ప్రశ్న. ఈ వాదమును శూన్యసంపాదనె దాచక చెప్పుటయే దాని గొప్పతనము.

మోళిగె మారయ్య కట్టెలు కొట్టి అమ్మెడివాడు. పూర్వము ఆయన కాశ్మీర రాజనియు, రాజ్యము విడిచి భార్యతో కల్యాణమునకు వచ్చెననియు సంప్రదాయము. బసవడు ఒకనాడు ఆయన యింట భోజనము చేసి, వారి పేదరికమునకు జాలిపడి, ఎవరును చూడకుండ కొంత బంగారము వదలి వెళ్లెను. మారయ్యకు అది అవమానముగా తోచెను. ఆ బంగారమును అప్పటికప్పుడే జంగములకు పంచివేసెను. బసవడు విషయము తెలిసికొని క్షమాపణ వేడెను. దానము చేయుటలో దాగియుండు అహంకారమును ఆ సమాజము ఇంత నిశితముగా పరీక్షించెను. బసవనికి తాను దాతనను తలపు కొంచెము కలిగినపుడు చాకలి మాచయ్య మందలించెనని సోమనాథుడును వ్రాసెను. మంత్రిని చాకలి మందలించుటయు, మంత్రి తలవంచి వినుటయు 12వ శతాబ్దిలో సామాన్య విషయము కాదు.

ఇక మన తెలుగువారి వంతు చెప్పవలసియున్నది. పాల్కురికి సోమనాథుడు నేటి తెలంగాణములో జనగామ జిల్లా పాలకుర్తికి చెందినవాడు. 13వ శతాబ్దిలో ఆయన బసవపురాణమును ఏడు ఆశ్వాసముల ద్విపదకావ్యముగా రచించెను. సంస్కృత వృత్తములను విడిచి, పదిమందియు కూడి పాడుకొనుటకు వీలైన ద్విపదను చేపట్టుటలోనే ఆయన ఉద్దేశము తేటపడుచున్నది. పనివారిని గూర్చిన కథలు పనివారి నోట నిలువవలెను గదా. 1369లో భీమకవి ఈ గ్రంథమును కన్నడమునకు మార్చెను. కన్నడ దేశమున పుట్టిన కథలు తెలుగున పురాణమై, తిరిగి కన్నడ దేశమునకు చేరెను. ఇరుగుపొరుగు భాషల నడుమ ఇంతకంటె చక్కని ఇచ్చిపుచ్చుకొనుట అరుదు.

సోమనాథుని భక్తులలో కుమ్మరి గుండయ్య ఒకడు. ఆయన కుండలు చేయుచు, చేసిన కుండపై దరువు వేయుచు తన్మయుడయ్యెడివాడు. ఆ దరువునకు శివుడే వచ్చి నాట్యమాడెనని కథ. ఆరాధనకు వేరుగా వాద్యము కొనితేలేదు. అమ్మబోవు కుండయే మృదంగము. గొడగూచి యను బాలికకు తండ్రి ఊరికి పోవుచు, రోజును శివునకు పాలు అర్పింపుమని చెప్పెను. శివుడు పాలు త్రాగునని ఆ పిల్ల నిజముగనే నమ్మెను. విగ్రహము త్రాగకపోగా తన వలన ఏమి లోపము జరిగెనోయని విలపించెను. ఆ విలాపమునకు శివుడు కరగెను. బెజ్జ మహాదేవి కథ మరియు మృదువైనది. శివునకు తల్లి లేదని విని ఆమె హృదయము ద్రవించెను. తల్లియున్నచో ఆతడు బూడిద పూసికొనునా, విషము మ్రింగునా యని తలచి, తానే తల్లియై ఆ దేవునకు నూనె రాచి, నీళ్లు పోసి, కాటుక పెట్టి, పాలు పట్టి పెంచెను. ప్రతి యింటను తల్లులు నిత్యము చేయు పనులే ఆమె పూజావిధానము. శాస్త్రము ఆమెకు తెలియదు. బిడ్డను పెంచుట తెలియును. సోమనాథుడు ఆ తెలివిని యోగుల జ్ఞానముతో సమానముగా నిలిపెను.

అక్కమహాదేవి మార్గము వీరికి భిన్నము. ఆమె సంసారమును విడిచి, చెన్నమల్లికార్జునునే భర్తగా వరించి, కల్యాణమున శరణుల గౌరవమునంది, శ్రీశైలపు కదళీవనమున లీనమయ్యెనని చెప్పుదురు. ఆమె పేరున శ్రీశైల ప్రాంతమున గుహలు నేటికిని కలవు. ఇల్లు విడిచిన ఆమెను, ఇల్లు విడువని లక్కమ్మను ఒకే సభ గౌరవించుట మనము గుర్తుంచుకొనవలెను. శరణులు వైరాగ్యమును నిందింపలేదు. అది ఒక్కటియే మార్గమనుటను మాత్రము ఒప్పుకొనలేదు. ఆ కాలమున మన తెలుగుదేశమున మల్లికార్జున పండితారాధ్యుడు శివభక్తిని ప్రచారము చేయుచుండెను. ఆయన బసవని దర్శింపవలెనని బయలుదేరి, త్రోవలోనే బసవని నిర్యాణవార్త వినెనని సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున వ్రాసెను. కులాచారములను విడుచు విషయమున వారిరువురికిని భేదముండెను. ఆ భేదము ఎంత లోతైనదో తరువాతి సంఘటనలు తెలుపును.

కాయకము ఇంటిలో నున్నంతకాలము రాజు దానిని సహించెను. పనులన్నియు సమానమన్నచో పనివారును సమానులే కావలెను. సమానులైనచో వియ్యమందరాదా? ఆ ప్రశ్న వచ్చినపుడు నగరము కంపించెను. పుట్టుకచేత బ్రాహ్మణుడైన మధువరసుని కుమార్తెను, చెప్పులు కుట్టు హరళయ్య కుమారునికిచ్చి వివాహము చేసిరని తరువాతి కన్నడ గ్రంథములు చెప్పుచున్నవి. ఇరువురు భక్తుల కన్నులను బిజ్జలుడు పెరికించెనని సోమనాథుడు చెప్పెను. వారిని ఏనుగు కాళ్లకు కట్టి ఈడ్పించిరని కూడ కథనము కలదు. అటుపిమ్మట అల్లరులు చెలరేగెను. 1167-68 ప్రాంతమున బిజ్జలుడు హతుడయ్యెను. చంపినవారు శివభక్తులేనని పురాణములు చెప్పును. బసవడు అంతకుముందే కల్యాణము విడిచి కూడలసంగమమును చేరి, అచ్చటనే దేహము చాలించెను. చెన్నబసవణ్ణ వెంట శరణులు కొందరు వచనముల మూటలతో పశ్చిమపు కనుమలలోని ఉళవికి తరలిపోయిరి. 1184 ప్రాంతమున కలచురి రాజ్యమే అంతరించెను.

ఈ ఘట్టమును భక్తులు వీరగాథగా చెప్పుదురు. చరిత్ర చదువువారు దుఃఖముతో చదువవలెను. పనిని పూజగా చేసికొన్న చేతులు కత్తి పట్టవలసివచ్చుట ఆ సిద్ధాంతపు విజయము కాదు. ఐనను ఒక మాట నిజము. చెప్పులు కుట్టుట పూజ యని పాడుచున్నంతసేపు ఎవరికిని కోపము రాలేదు; చెప్పులు కుట్టువాడు బంధువని అన్ననాడు కోపము వచ్చెను. ఆధ్యాత్మికమని మనము తేలికగా పలుకు మాట లోకములో ఎంతదూరము పోవలసియుండునో కల్యాణము మనకు చూపినది.

శరణుల అనంతర చరిత్ర మిశ్రమమైనది. విజయనగర ప్రభువు ప్రౌఢదేవరాయల కాలమున, 15వ శతాబ్దిలో, వీరశైవము తిరిగి బలపడెను. వచనములను సేకరించిరి, వ్యాఖ్యానించిరి. కాని మఠములు పెరిగెను, హోదాలు పెరిగెను. కులమును కాదన్న మతములోనే ఉపకులములు ఏర్పడెను. వచనములున్న తాళపత్రపు కట్టలు పెక్కు ఇండ్లలో పూజాపీఠముపై పసుపుకుంకుమలందుకొనుచు, చదువువారు లేక పడియుండెను. చదువవలసిన దానిని పూజించి ఊరకుండుట కాయకమునకు పూర్తిగా వ్యతిరేకము. ఆ కట్టలను విప్పినవాడు ఫకీరప్ప గురుబసప్ప హళకట్టి. 1880లో ధారవాడలో జన్మించి, బిజాపురమున న్యాయవాదిగా నుండి, ఊరూరు తిరిగి తాళపత్రములు సేకరించి, 1923లో వచనశాస్త్రసారమును ప్రకటించెను. ముద్రణాలయము నెలకొల్పుటకు సొంత ఇంటినే అమ్ముకొనెను. 1964లో ఆయన కీర్తిశేషుడయ్యెను. తెలుగున వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1926లో బసవపురాణమును పీఠికతో పరిష్కరించి ప్రకటించిరి. పండితుని దీక్షయు, త్రాడు పేనువాని దీక్షయు ఒక్క జాతివేనని ఈ ఇరువురి శ్రమ నిరూపించుచున్నది.

ఇట్టి భక్తులు ఒక్క కల్యాణముననే కాదు, ఇతర ప్రాంతములలోను ఉదయించిరి. మహారాష్ట్రమున నామదేవుడు దర్జీ, గోరా కుమ్మరి, సావతా తోటమాలి. కాశిలో కబీరు నేతగాడు, రవిదాసు చర్మకారుడు. తంజావూరు రాజ్యమున త్యాగరాజస్వామి రాజాదరణమును వలదని, ఉంఛవృత్తితో తెచ్చిన బియ్యముతో ఆనాటికి గడుపుకొని రామునకు పాటలు కట్టెను. లక్కమ్మ కొలతపాత్రయు త్యాగయ్య అక్షయపాత్రయు ఒకే ఇంటి వస్తువులవలె మనకు తోచును. అయితే ఇతరచోట్ల ఒక్కొక్క భక్తుడు ఒంటరిగా సాధించినదానిని కల్యాణమున ఒక సమాజము కూడి సాధింప యత్నించెను. అదియే దాని విశిష్టత.

ఇందు మనకు ఉపయోగపడునది ఏమి? పనియే పూజ యను మాట నేడు గోడలపైనను కచేరీలలోను కనబడుచున్నది. యజమాని పనివానికి చెప్పినపుడు ఆ మాటకు ఒక అర్థము. పనివాడు తన మనస్సునకు తాను చెప్పుకొన్నపుడు వేరొక అర్థము. శరణులది రెండవ అర్థము. ఎక్కువ పని చేయుమని వారు ఎవరికిని బోధింపలేదు. శుద్ధముగా చేయుము, చాలినంత తీసికొనుము, పంచిపెట్టుము, ఏ పనిని గాని పనివానిని గాని తక్కువగా చూడకుము అని బోధించిరి. ఈ నాలుగింటిలో ఒక్కటి లోపించినను అది చాకిరియే గాని కాయకము కాదు.

కావున ఉదయమున దీపము వెలిగించి నమస్కరించుటతో ఆనాటి దైవకార్యము ముగిసినదని మనము తలపరాదు. దుకాణమున తూచు తక్కెడలో, బడిలో దిద్దు పుస్తకములో, కచేరీలో కదలవలసిన కాగితములో, ఇంటిలో పనిమనిషికి పెట్టు అన్నములో మిగిలిన పూజ జరుగవలసియున్నది. అందుకు వేరుగా తీరిక అక్కరలేదు, అధికారము అక్కరలేదు, ధనము అక్కరలేదు. రాత్రి లెక్క చూచుకొన్నపుడు మన మూటలో కావలసినదానికంటె ఎక్కువ కనబడినచో, అది ఎచ్చటినుండి వచ్చినదని అడుగు లక్కమ్మ ఒకతె ప్రతి యింటను ఉండవలెను. ఆమె అడిగినపుడు మారు పలుకక మూట భుజమునకెత్తుకొను మారయ్యయు ఉండవలెను.